హెడ్ గాస్కెట్ పోయిన కారు మూడో వంతు ధరకి ఇస్తానంటున్నారు, కొనొచ్చా?

కొత్తచక్రం
తెలిసినవాళ్ల ద్వారా ఒక కారు వచ్చింది. పెట్రోల్, 4 సిలిండర్లు, 9 ఏళ్ల బండి, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. బాడీ శుభ్రంగా ఉంది, ఎక్కడా గుద్దుకున్న గుర్తు లేదు, సీట్లు కొత్తవాటిలా ఉన్నాయి. ఒకటే లోపం. రెండు నెలల కింద దారిలో ఇంజన్ వేడెక్కి ఆగిపోయిందట. "హెడ్ గాస్కెట్ పోయింది, అది మార్పిస్తే బండి బంగారం" అంటున్నారు అమ్మే ఆయన. ఇంజన్ పైభాగమైన హెడ్‌కీ, కింది భాగమైన బ్లాకుకీ మధ్య సందు మూసే పల్చటి పొరట అది. స్టార్ట్ అవుతుంది కానీ బాగా వణుకుతోంది, వెనక తెల్ల పొగ వస్తోంది.

ఇదే మోడల్ బాగా నడిచేది కొనేంత డబ్బు ఒకేసారి నా దగ్గర లేదు. ఇదైతే దానిలో మూడో వంతుకే వస్తోంది. నాన్నగారిని వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లాలి, బండి కావాల్సింది అందుకే. నాకు ఇదే మొదటి కారు. రెండు రోజుల్లో ఏదో ఒకటి చెప్పమన్నారు. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

నలుపుగ్రీజు
వద్దు. వేరేది చూసుకోండి.

పాతబండి_ప్రేమ
గ్రీజు అన్నా, ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా? నేను ఇలాంటి బండే కొన్నాను. హెడ్ దింపి, ఫేసింగ్ (అంటే దాని అడుగు కోసి సమం చేయడం) చేయించి, కొత్త గాస్కెట్ వేయించాను. నాలుగేళ్లయింది, చుక్క నీళ్లు తగ్గలేదు. అందరూ భయపడి వదిలేసిన బండి కాబట్టే నాకు ఆ ధరకి దొరికింది.

శారద_స్టీరింగ్
గాస్కెట్ పోయిందని తేల్చింది ఎవరు? హెడ్ దింపి చూశారా, పొగ చూసి చెప్పేశారా? గాస్కెట్ ఒక్కటే అయితే రెండు నెలలుగా ఎందుకు బాగు చేయించలేదు? బాగు చేయించి అమ్ముకుంటే ఆయనకే రెట్టింపు పైగా వస్తుంది కదా.

నలుపుగ్రీజు
శారద గారు అడిగినదాని కోసమే నేను వద్దన్నది.

కొత్తచక్రం
హెడ్ దింపలేదట. దారిలో ఆగినప్పుడు వచ్చిన మెకానిక్ చూసి చెప్పాడట. "వేరే బండి కొనుక్కున్నాం, ఇంక దీని మీద పెట్టే ఓపిక లేదు" అంటున్నారు. మాట తీరు చూస్తే అబద్ధం చెప్పే మనిషిలా లేరు.

షెడ్డుమనిషి
ఆయన అబద్ధం చెబుతున్నారని అనుకోనక్కర్లేదు, ఆయనకీ తెలియకపోవచ్చు. 22 ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్నాను. విప్పకముందే "గాస్కెట్ ఒక్కటే పోయింది" అని ఖాయంగా చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

వేడెక్కితే లోపల ఏమవుతుందో చెప్తాను. ఇప్పటి ఇంజన్లలో హెడ్ అల్యూమినియంది, కింద బ్లాకు చాలావాటిలో పోత ఇనుముది. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. హెడ్‌ని చుట్టూ బోల్టులు బిగించి పట్టుకుంటాయి, సాగడానికి చోటు లేదు, దాంతో వంగుతుంది. చల్లారాక కూడా ఆ వంపు పోదు. ఆ సందులోకి మంట దూరి గాస్కెట్‌ని తినేస్తుంది. గాస్కెట్ పోవడమన్నది చివర్లో జరిగేది. అంతకుముందు ఏమేం జరిగాయో మనకి తెలియాలి.

హెడ్‌కి ఎంత వంపు ఉండొచ్చో ప్రతి ఇంజన్ మాన్యువల్‌లోనూ ఉంటుంది. చాలావాటికి 0.05 మిల్లీమీటర్ల దగ్గర్లో, అంటే తల వెంట్రుక కంటే సన్నం. అది దాటితే ఫేసింగ్ చేయించాలి. ఫేసింగ్‌కీ హద్దుంది, ఎక్కువ కోస్తే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి, పెరిగిపోతుంది, వాల్వులు పిస్టన్లకి దగ్గరైపోతాయి. వేడి మరీ ఎక్కువైన బండిలో అల్యూమినియమే మెత్తబడుతుంది, పిస్టన్ రింగులు బిగువు పోగొట్టుకుంటాయి, సిలిండర్ గోడలు గీసుకుపోతాయి.

కాబట్టి ముందు ఒకటి కనుక్కోండి. వేడి చూపించే ముల్లు ఎరుపులోకి వెళ్లాక బండిని ఇంకెంత దూరం నడిపారు?

పాతబండి_ప్రేమ
నేను కొన్న బండి పాత ఓనరు ముల్లు లేవగానే పక్కకి ఆపేశాడు. అక్కడి నుంచి తాడు కట్టి లాక్కొచ్చారు. కొన్నప్పుడు అది పెద్ద విషయంగా నాకు తోచలేదు. నా బండి బాగుపడింది అందుకేనేమో.

నాలుగో_గేరు
ముల్లుని కూడా పూర్తిగా నమ్మకండి. మా అన్నయ్య బండిలో కింద పైపు పగిలి నీళ్లన్నీ పోయాయి. సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చూపిస్తుంది, నీళ్లు లేకపోతే అది గాలిలో ఉంటుంది. ముల్లు మధ్యలోనే ఉంది, ఇంజన్ మాత్రం పట్టేసింది. "ముల్లు లేవలేదు, అంటే పెద్దగా వేడెక్కలేదు" అని ఎవరైనా చెప్తే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

లెక్కలమనిషి
ధరలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి నడిచే బండి ధర 100 అనుకుందాం. మీకు చెప్పింది దాదాపు 35.

అమ్మే ఆయన మీకు చూపిస్తున్న లెక్క ఇది: 35 బండికి, హెడ్ పనికి 15, మొత్తం 50. సగం ధరకి కారు. వినడానికి ఎంతో బాగుంది.

ఇప్పుడు ఇంజన్ మొత్తం పోయిందనుకుని లెక్క వేయండి. వాడిన ఇంజన్ 25. దింపి ఎక్కించే కూలి 12. ఇంజన్ బయటకి వచ్చినప్పుడే మార్చాల్సినవి, అంటే టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్, క్లచ్, సీళ్లు, ఆయిల్, కూలెంట్ కలిపి 10. మొత్తం 47. విప్పాక బయటపడేవాటికి ఇందులో నాలుగో వంతు పక్కన పెట్టుకోవాలి, 12 అనుకుందాం. 35, 47, 12 కలిపితే 94.

94 పెట్టి, వారాల తరబడి షెడ్డు చుట్టూ తిరిగి, చివరికి చేతికొచ్చేది ఇంజన్ మార్చిన బండి. మిగిలేది 6. ఈ 6 కోసం అంత రిస్క్ నేనైతే తీసుకోను.

పాతబండి_ప్రేమ
అన్నీ పోయాయనుకుని లెక్క వేస్తే ప్రపంచంలో ఎవరూ పాత బండి కొనరు.

లెక్కలమనిషి
కొంటారు, ఆ లెక్కకి తగ్గ ధరకి కొంటారు. ఇంజన్ పోయిందనుకుని వేసిన ధరకి ఆయన ఇస్తే నేనూ కొనమనే చెప్తాను. గాస్కెట్ ఒక్కటే అని తేలితే అప్పుడు మిగిలింది మీ అదృష్టం. ఆ అదృష్టానికి ముందే డబ్బు కట్టకండి.

కొత్తచక్రం
ఇప్పుడే మాట్లాడి వచ్చాను. ముందు "ఒక కిలోమీటర్ కూడా నడపలేదు" అన్నారు. పక్కనే ఉన్న వాళ్ల అబ్బాయి "నీళ్లు పోసుకుంటూ ఇంటి దాకా వచ్చాం కదా నాన్నా" అన్నాడు. 12 కిలోమీటర్లట, దారిలో రెండుసార్లు ఆపి బాటిల్ నీళ్లు పోశారట.

నలుపుగ్రీజు
పిల్లాడు బంగారం.

షెడ్డుమనిషి
కాలిపోతున్న ఇంజన్‌లో చల్లటి నీళ్లు పోస్తే హెడ్ చిట్లే ప్రమాదం ఉంది. వాల్వు సీట్ల మధ్య సన్నటి పగులు వస్తుంది, కంటికి ఆనదు, ప్రెషర్ టెస్టులోనే తెలుస్తుంది.

అయినా ఇప్పుడే వదిలేయమనను. చూడటానికి వెళ్లేటప్పుడు ఒక మెకానిక్‌ని వెంట తీసుకెళ్లండి, ఆ కూలి దండగ కాదు. వాళ్ల మనిషి వద్దు, మీ మనిషి అయి ఉండాలి. ముందురోజే ఫోన్ చేసి "ఇంజన్ స్టార్ట్ చేసి పెట్టకండి" అని చెప్పండి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే వెనక్కి వచ్చేయండి, చల్లటి ఇంజన్ చెప్పే సంగతులు వేడిది చెప్పదు.

ఆయిల్ కడ్డీ తీసి చూడండి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు ఆయిల్‌లో కలిశాయి. ఆయిల్ మూత కింద మాత్రమే తెల్లటి జిడ్డు ఉంటే వెంటనే తీర్పు చెప్పకండి, దగ్గర దగ్గర తిరిగే బండికి చలికాలంలో ఆవిరి పేరుకుని కూడా అలా వస్తుంది. కడ్డీ మీద కూడా అదే రంగుంటే అనుమానమే లేదు.

రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయించండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే, వేడి మీద ఆ మూత ముట్టుకోవద్దు. మూత బిగించినప్పుడు లోపల ఒత్తిడి ఉంటుంది, నీళ్లు 120 డిగ్రీల దాకా మరగకుండా ఆగుతాయి. తెరిచారంటే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి వస్తాయి. చల్లటి ఇంజన్‌లో బుడగలు ఆగకుండా వస్తుంటే సిలిండర్ గాలి నీళ్లలోకి పోతోందన్నమాట. దానికి ఒక నీలం ద్రవంతో చేసే టెస్టు కూడా ఉంది. రేడియేటర్ మూతి దగ్గర గాలిని ఆ ద్రవంలోంచి పీలుస్తారు, కాలిన గాలి తగిలితే పసుపు రంగుకి మారుతుంది.

ఆ తర్వాత స్పార్క్ ప్లగ్‌లు తీసి నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్ టెస్టు. ఇది లేకుండా కొనకండి.

డీజిల్_ప్రాణం
డీజిల్ బండి అయితే ఈ ప్లగ్‌ల గోల ఉండేది కాదు.

షెడ్డుమనిషి
తమ్ముడూ, దానికి ఇంజెక్టర్లో గ్లో ప్లగ్‌లో తీసి చేయాలి, మీటరు కూడా వేరేది కావాలి. ఇంకా పెద్ద గోల.

శారద_స్టీరింగ్
స్కానర్ కూడా పెట్టించండి, బండి కంప్యూటర్‌లో పడిన లోపాల కోడ్‌లు చదివేది. ఏ కోడ్ ఉందో చూడటం ఒక్కటే కాదు. మానిటర్లు (బండి కంప్యూటర్ తనే చేసుకునే పరీక్షలు) పూర్తయ్యాయా లేదా అన్న పేజీ ఉంటుంది, అది చూడాలి. చాలావరకు "పూర్తి కాలేదు" అని ఉంటే ఎవరో ఈమధ్యే కోడ్‌లు చెరిపేశారు, లేదా బ్యాటరీ తీశారు. రెండు నెలలుగా నిలబడి ఉన్న బండి కాబట్టి బ్యాటరీ తీసి ఉండొచ్చు, అడిగి తెలుసుకోండి.

ఇది నేను నేర్చుకున్న తీరు చెప్తాను. చెక్ ఇంజన్ లైటు లేని బండి కొన్నాను. మూడో రోజు వెలిగింది. 3వ సిలిండర్ మిస్ అవుతోంది, అంటే సరిగ్గా పేలడం లేదు, వాల్వు కాలిపోయింది. అమ్మినవాళ్లకి ముందే తెలుసు, కోడ్ చెరిపి అమ్మారు. ఆ ఏడాది దాచుకున్నదంతా దానికే పోయింది. పాప స్కూలుకి, నేను ఆఫీసుకి నడిచి వెళ్లిన రోజులు ఇప్పటికీ గుర్తున్నాయి. మీకు అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కొత్తచక్రం
చాలా థ్యాంక్స్ అక్కా. ఆదివారం మెకానిక్‌తో వెళ్తున్నాను.

తడిసినతాళం
ఈ చర్చలో అడగొచ్చో లేదో తెలియదు. నాకు వరద నీళ్లలో ఆగిపోయిన బండి ఒకటి వచ్చింది, 25 చెప్తున్నారు లెక్కలమనిషి గారి లెక్కలో. నీళ్లు తీసేశాక స్టార్ట్ అయిందంటున్నారు. అదీ ఇదీ ఒకటేనా?

షెడ్డుమనిషి
ఒకటి కాదు. గాలి నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. తిరుగుతున్న ఇంజన్ సిలిండర్‌లోకి నీళ్లు వెళ్తే పిస్టన్ పైకి రాలేదు, దాన్ని కింద ఇరుసుకి కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కొద్దిగా వంగిన రాడ్‌తో ఇంజన్ స్టార్ట్ అవుతుంది, మామూలుగానే నడుస్తుంది కూడా. కొన్ని వేల కిలోమీటర్లయ్యాక ఆ రాడ్ తెగి బ్లాకుని చీల్చుకుని బయటకి రావచ్చు. ఒక సిలిండర్‌లో కంప్రెషన్ తక్కువగా ఉందా, పిస్టన్ మిగతావాటంత పైకి వస్తోందా అని కొలిపించండి.

నాలుగో_గేరు
కార్పెట్ ఎత్తి చూడండి, సీటు పట్టాల కింద తుప్పు, బురద ఉంటాయి. నీళ్లు సీటు దాకా వచ్చిన బండి అయితే ఇంజన్ సంగతి తర్వాత, వైరింగ్ జీవితాంతం ఏడిపిస్తుంది. కనెక్టర్లలో పచ్చటి చిలుము పడుతుంది. ఈరోజు పవర్ విండో, రేపు ఎయిర్‌బ్యాగ్ లైటు.

తడిసినతాళం
వదిలేస్తున్నాను. థ్యాంక్స్ అన్నా.

కొత్తచక్రం
ఆదివారం వెళ్లొచ్చాం. ఇంజన్ చల్లగానే ఉంది. కోడ్‌లు పి0302, పి0303 వచ్చాయి, అంటే 2, 3 సిలిండర్లు మిస్ అవుతున్నాయట. నీలం ద్రవం నిమిషంలో పసుపైంది. కంప్రెషన్ 1కి 12 బార్, 2కి 4, 3కి 4.5, 4కి 11.8. తర్వాత 2, 3లలో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూశారు, ఏమీ పెరగలేదు. మా మెకానిక్ మొహం వెలిగిపోయింది, "గాస్కెట్టే" అన్నాడు. నిజమేనా?

పాతబండి_ప్రేమ
చెప్పానా! పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోయాయంటే ఆ రెండింటి మధ్య గాస్కెట్ తెగింది. ఆయిల్ పోసినా పెరగలేదంటే రింగుల తప్పు కాదు. కొనేయండి.

లెక్కలమనిషి
ఈసారి ప్రేమ అన్న చెప్పింది నాకూ సరిగ్గానే అనిపిస్తోంది. నా లెక్క మార్చుకోవాలేమో.

షెడ్డుమనిషి
ఇద్దరూ కాస్త ఆగండి. 1, 4 సిలిండర్లు చక్కగా ఉన్నాయి, రింగులు బాగున్నట్టే ఉన్నాయి. సంతోషమే. కానీ కంప్రెషన్ టెస్టు పిస్టన్ పై భాగం గురించే చెప్తుంది. కింద క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు), దాని బేరింగులు ఎలా ఉన్నాయో దానికి తెలియదు.

కొత్తచక్రం గారూ, ఆయిల్ రంగు ఎలా ఉంది? అది రాయలేదు.

కొత్తచక్రం
కడ్డీ మీద కాఫీ రంగే ఉంది. ఇంకోటి, ఇంజన్ రెండు నిమిషాలు నడిచాక కింద నుంచి లోతుగా టక్ టక్ అని శబ్దం వచ్చింది. ఎక్సలేటర్ ఇస్తే పెరుగుతోంది. మిస్ అవుతోంది కాబట్టి అలా వస్తోందన్నాడు మా మెకానిక్.

షెడ్డుమనిషి
అదే నా భయం. బేరింగుకీ క్రాంకుకీ మధ్య ఉండే సందు మిల్లీమీటర్‌లో వందో వంతుల్లో ఉంటుంది. ఆ సందులో ఆయిల్ పొర ఉంటేనే క్రాంకు తేలుతూ తిరుగుతుంది. నీళ్లు, కూలెంట్ కలిసిన ఆయిల్ ఆ పొర నిలబెట్టలేదు. 12 కిలోమీటర్లు అలా నడిచింది. ఆ పైన రెండు నెలలు ఆ నీళ్లు బేరింగుల మీదే కూర్చున్నాయి. మధ్యలో వచ్చినవాళ్లందరికీ స్టార్ట్ చేసి చూపించి ఉంటారు.

పైనుంచి వచ్చే సన్నటి టిక్ టిక్ వాల్వుల్ని నొక్కే టప్పెట్లది, దానికి భయపడక్కర్లేదు. కింద నుంచి లోతుగా, ఎక్సలేటర్‌కి పెరిగే శబ్దం రాడ్ బేరింగుది అయి ఉంటుంది. ఒక్కో ప్లగ్‌కి కరెంటు ఆపి చూస్తే, ఏ సిలిండర్ దగ్గర శబ్దం తగ్గుతుందో ఆ బేరింగే పోయినట్టు. కానీ 2, 3 సరిగ్గా పేలడం లేదు కాబట్టి ఈ బండిలో ఆ పద్ధతి సగమే పనిచేస్తుంది. ఆయిల్ ఫిల్టర్ విప్పించి కోసి చూడండి. కాగితం మడతల్లో మెరిసే పొడి ఉందేమో చూసి, అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము. అంటుకోకపోతే బేరింగు లోహం కావచ్చు.

పాతబండి_ప్రేమ
శబ్దం సంగతి ముందే రాసి ఉంటే కొనేయమనేవాణ్ణి కాదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నిదానం
ఇన్ని పోస్టులూ చదివాను. ఒక్క విషయం ఎవరూ అడగలేదు. నాన్నగారిని వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నారు. బండి షెడ్డులో నెలన్నర ఉంటే ఆ నెలన్నర ఎలా వెళ్తారు? ఆ ఖర్చు లెక్కలో వేశారా? అలాంటి పనికి కొనే బండి చిన్నదైనా, పాతదైనా, ఈరోజు తాళం తిప్పితే కదిలేదై ఉండాలని నా అభిప్రాయం.

శారద_స్టీరింగ్
నిదానం గారి మాటే నాది కూడా. ఇదే డబ్బుకి చిన్న మోడల్, ఎక్కువ తిరిగింది, కానీ నడుస్తున్నది దొరుకుతుంది.

కొత్తచక్రం
ఆ మాట రాత్రంతా ఆలోచించాను. నాన్నగారు మోకాలు సరిగ్గా మడవలేరు, చిన్న బండిలో ఎక్కడం దిగడం కష్టం. ఈ బండి సీటు ఎత్తు ఆయనకి సరిగ్గా సరిపోయింది, కూర్చోబెట్టి చూశాను. అందుకే దీని మీద ఇంత పట్టుదల. ఇప్పటిదాకా టాక్సీలోనే తీసుకెళ్తున్నాను, ఇంకో నెలన్నర అలాగే నడుస్తుంది.

ఫిల్టర్ కోయించాను. కొత్త ఫిల్టర్, కొత్త ఆయిల్ నా ఖర్చుతో వేయిస్తానంటే ఆయన ఒప్పుకున్నారు. మడతల నిండా రాగి రంగు మెరుపు. అయస్కాంతానికి అంటుకోలేదు.

షెడ్డుమనిషి
చాలా ఇంజన్లలో బేరింగు పై పొర మెత్తటి లోహం, దాని కింద రాగి కలిసిన పొర ఉంటుంది. రాగి రంగు కనిపించిందంటే పై పొర అరిగిపోయింది. క్రాంకు కూడా గీసుకుని ఉంటుంది. క్రాంకు గ్రైండింగ్ చేయించి 0.25 ఓవర్‌సైజ్ బేరింగులు వేయొచ్చు, అయితే హెడ్ పని, క్రాంకు పని రెండూ కలిపితే మంచి వాడిన ఇంజన్ ధర దాటుతుంది. ఇంజన్ పోయిన బండి కిందే లెక్క వేయండి.

లెక్కలమనిషి
క్రాంకు గ్రైండ్ చేస్తే సన్నబడుతుంది కదా, మరి బేరింగు అండర్‌సైజ్ అనాలి కదా?

షెడ్డుమనిషి
నిజమే, పుస్తకంలో అండర్‌సైజే. షెడ్డులో అందరం ఓవర్‌సైజ్ అనేస్తాం, అలవాటైపోయింది. మందం పెరిగిన బేరింగు అని అర్థం.

లెక్కలమనిషి
అయితే కొత్తచక్రం గారూ, 94 లెక్క మళ్లీ బయటకి తీయండి. 35 దగ్గర కొంటే మిగిలేది 6. 20 దగ్గర కొంటే 21. నేనైతే 20 చెప్పి ఫిల్టర్ ఫొటో చూపించి వచ్చేస్తాను. బేరం ఆడొద్దు, లెక్క చూపించండి. ఆయన మంచి మనిషన్నారు కదా, అర్థం చేసుకుంటారు.

కొత్తచక్రం
20 చెప్పాను. మొహం మాడ్చుకున్నారు. "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు" అన్నారు. సరేనని వచ్చేశాను. బాధగానే ఉంది.

నలుపుగ్రీజు
బాధపడకండి. ఆ ఇద్దరూ ప్లగ్‌లు తీయించి చూస్తే వాళ్లూ వచ్చేస్తారు.

కొత్తచక్రం
మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. ఆయనే ఫోన్ చేశారు. 22 దగ్గర ఒప్పుకున్నారు. అడ్వాన్స్ ఇచ్చేశాను. గ్రీజు అన్నా, మీరు తిడతారని తెలుసు.

నలుపుగ్రీజు
తిట్టను. ఏముందో తెలిసి కొన్నారు. ఇంజన్ కొనేటప్పుడు కూడా ఇంతే జాగ్రత్తగా ఉండండి.

షెడ్డుమనిషి
వెనక నుంచి గుద్దించుకుని తుక్కుకి వెళ్లిన బండి ఇంజన్ దొరికితే మంచిది, ఇంజన్ వైపు దెబ్బ తగిలి ఉండదు. బండిలో ఉండగానే నడిపి చూపించమనండి. వీలు కాదంటే నేల మీద పెట్టే కంప్రెషన్ చూడొచ్చు, సెల్ఫ్ మోటారు, బ్యాటరీ ఉంటే చాలు. ఆయిల్ మూత తీసి లోపల నల్లటి మడ్డి ఉందేమో చూడండి. ఇంజన్ కోడ్ అక్షరాలతో సహా మీ బండిదే కావాలి, చూడటానికి ఒకేలా ఉన్నా సెన్సర్లు మారిపోతాయి. మీ బండి కంప్యూటర్ మీరే ఉంచుకోండి, తాళం చిప్ దానితోనే జత అయి ఉంటుంది.

శారద_స్టీరింగ్
రిజిస్ట్రేషన్ కాగితంలో ఇంజన్ నంబర్ ఉంటే మార్పించడం మర్చిపోవద్దు. కొన్న ఇంజన్‌కి బిల్లు, అది ఏ బండిదో ఆ కాగితాలు తీసుకోండి. దొంగ బండి ఇంజన్ అయితే తర్వాత మీ మెడకి చుట్టుకుంటుంది. ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పండి.

కొత్తచక్రం
పని పూర్తయి పది రోజులైంది. ఇంత సాయం చేశారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు లెక్క చెప్తాను.

బండి 22. ఇంజన్ 26. కూలి 12. బెల్ట్, పంప్, క్లచ్, సీళ్లు, ఆయిల్ కలిపి 9. లాక్కురావడానికి 2. ఇవన్నీ అనుకున్నవే. అనుకోనిది రేడియేటర్. విప్పితే సగం గొట్టాలు గట్టిపడిన బూడిద రంగు ముద్దతో మూసుకుపోయి ఉన్నాయి. లీకు ఆపడానికి ఎవరో సీలెంట్ పోశారు. హీటర్ గొట్టాలూ అంతే. అది 4. వేడికి కరిగిన వైరింగ్ ముక్క ఒకటి, 2. మొత్తం 77.

పాత ఇంజన్ హెడ్ దింపించి చూశాను, ఊరికే తెలుసుకుందామని. 2, 3 మధ్య గాస్కెట్ తెగింది, మీరు చెప్పినట్టే. హెడ్ 0.3 మిల్లీమీటర్లు వంగింది. రెండో రాడ్ బేరింగు చేత్తో తీస్తే రేకులా ఊడొచ్చింది.

పాతబండి_ప్రేమ
0.3! నాది 0.08 ఉంటేనే లేత్ మేస్త్రి పెదవి విరిచాడు. 22 కాకుండా 35 పెట్టి గాస్కెట్ ఒక్కటే వేయించి ఉంటే నెలలోపు మళ్లీ రోడ్డు మీద ఆగేది.

లెక్కలమనిషి
టాక్సీ ఖర్చు?

కొత్తచక్రం
ఏడు వారాలకి 5.

లెక్కలమనిషి
అంటే 82. ఇంజన్ మార్చిన బండి కాబట్టి రేపు అమ్మితే 100 రాదు, 85 వస్తుందనుకోండి. చేతిలో మిగిలింది 3. మీరు సంతోషంగా ఉన్నారంటే నాకూ సంతోషమే, కానీ ఈ చర్చ చదివి ఇంకెవరైనా ఇలాంటిది కొనబోతే ఈ అంకె కూడా చూడాలి.

కొత్తచక్రం
నిజమే అన్నా. వాదించను. నాకు కుదిరింది వేరే లెక్క. 100 ఒకేసారి పెట్టే స్థితి నాకు లేదు, ఇది రెండు నెలల్లో విడతలుగా పెట్టగలిగాను. అమ్మే ఆలోచన కూడా లేదు. బెల్ట్, పంప్, క్లచ్ ఎప్పుడు వేశారో నాకు తెలుసు. నాన్నగారు మొన్న మొదటిసారి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ముందు సీటులో కూర్చున్నారు.

నిదానం
ఆ చివరి మాట చదివి కళ్లు తడిశాయి. కూలెంట్ మాత్రం ఉత్త నీళ్లతో నింపకండి.

కొత్తచక్రం
కూలెంటే పోయించాను. మొదటి వెయ్యి కిలోమీటర్లకే ఆయిల్ మార్పిస్తాను, షెడ్డుమనిషి గారు ఫోన్‌లో చెప్పారు.

కొత్తసభ్యుడు7
ఇదంతా ఇప్పుడే చదివాను. నా బండి సిగ్నల్ దగ్గర ఆగితే ముల్లు పైకి వెళ్తోంది, కదిలితే దిగుతోంది. రేపు పొద్దున్నే ఊరు వెళ్లాలి, 200 కిలోమీటర్లు. వెళ్లొచ్చా?

షెడ్డుమనిషి
వెళ్లకండి. కదిలినప్పుడు దిగుతోందంటే ఫ్యాన్ తిరగడం లేదేమో. ముందు దాని ఫ్యూజు, రిలే చూడండి. ఈ రాత్రే చూసి ఇక్కడ రాయండి, మేలుకునే ఉంటాను.